ఓడిపోయినవాళ్ళను అడిగి రా

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నిన్న కొబ్బరి దింపు తీయిస్తూ కాయలు లెక్కపెడుతుంటే మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, నీ మేనకోడలు బ్యాంకు ఉద్యోగం మానేసింది. టీవీలో క్విజ్ షో తీస్తుందంట. నీ పోలికే" అన్నాడు. నాలుగు వందల దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి పోయించాను, మళ్ళీ తప్పింది. ఆఖరికి లెక్క దింపువాళ్ళకే వదిలేసి అరుగు మీద కూర్చున్నాను.

రాత్రి నిద్ర పట్టలేదు. ఒకసారి గర్వంగా ఉంటుంది, కాసేపటికి గుండె దడగా ఉంటుంది. ఫోన్‌లో చెబుదామంటే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే కోపం తగ్గాక రెండోసారి చదువుతావు, అందుకని రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ఒప్పందం కాగితం లాయరుకి చూపించకుండా సంతకం పెట్టకు. స్టూడియో అద్దె షిఫ్టు లెక్కన ఎంతో, షిఫ్టు దాటితే గంటకి ఎంతో రాయించుకో. వేరేవాళ్ళ ఆట నచ్చితే హక్కులు కొనుక్కో, లేదా నీ ఆట నువ్వు తయారుచేసుకో. బ్రిటన్‌లో 1998లో మొదలైన కోటీశ్వరుల ఆట మన దాకా వచ్చింది హక్కులు కొనుక్కునే. 2014లో మా టీవీలో నాగార్జున చేసినా, 2021లో జెమినీలో ఎన్టీఆర్ చేసినా ఆ కుర్చీలు, ఆ లైట్లు, ఆ గుండె దడ పుట్టించే సంగీతం అన్నీ ఆ కొనుగోలులో భాగమే. కొంచెం మార్చి వాడుకుందాం అనేవాడు నీ పక్కన చేరితే లేచి వచ్చెయ్.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకోటి. నీతో కలిసి తీయబోయే ప్రొడ్యూసరుగారు ఇదివరకే 12 గేమ్ షోలు తీశారని, అన్నీ హిట్టేనని మీ నాన్న చెప్పాడు. ఆయనెవరో నాకు తెలియదు, ఆయన మీద నాకే అనుమానమూ లేదు. హిట్లు లెక్కపెట్టి మనిషిని నమ్మెయ్యొద్దంటున్నాను, అంతే.

అమెరికాలో జాక్ బ్యారీ, డ్యాన్ ఎన్‌రైట్ అని ఇద్దరు ప్రొడ్యూసర్లు ఉండేవాళ్ళు. 1956లో ఎన్‌బీసీలో 'ట్వంటీ వన్' అనే క్విజ్ మొదలుపెట్టారు. మొదటి ఆట నిజంగానే ఆడించారు. వచ్చినవాళ్ళకి జవాబులు రాలేదు, ఆట చప్పగా సాగింది, స్పాన్సరు మండిపడ్డాడు. అక్కణ్ణించి ఎవరు గెలవాలో, ఎప్పుడు ఓడాలో, చెమట ఎలా తుడుచుకోవాలో కూడా ముందే నేర్పించి ఆడించారు. హెర్బ్ స్టెంపెల్ అనే ఆయన వారాల తరబడి గెలుస్తూ వచ్చాడు. జనానికి మొహం మొత్తిందనుకోగానే ఓడిపొమ్మన్నారు. ఓడాల్సిన ప్రశ్నల్లో ఒకటి ఆయనకెంతో ఇష్టమైన సినిమా గురించి. జవాబు నోట్లో ఉంది, తప్పు చెప్పాలి. చెప్పాడు. ఆయన మీద గెలిచిన చార్లెస్ వాన్ డోరెన్ అనే కాలేజీ మాస్టారిని దేశం నెత్తిన పెట్టుకుంది. టైమ్ పత్రిక ముఖచిత్రం వేసింది. ఆయన మొత్తం 1,29,000 డాలర్లు గెలిచాడు. 1959 నవంబరులో వాళ్ళ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి, అంతా ముందే చెప్పించుకున్నదేనని ఒప్పుకున్నాడు. అప్పటికి అలా చేయడం నేరమని చట్టంలో లేదు. 1960లో చట్టం చేశారు.

నడిచిన ఆ రెండేళ్ళూ వాళ్ళ షో హిట్టే బుజ్జీ. రేటింగులు చూసి నమ్మినవాళ్ళకి ఏం కనబడుతుంది?

ఆ గొడవ తర్వాత అక్కడ క్విజ్ అంటేనే జనం నమ్మడం మానేశారు. కొత్త ఆట ఏదైనా ఆలోచించాలని మెర్వ్ గ్రిఫిన్ అనే ప్రొడ్యూసరు విమానంలో భార్యతో మాట్లాడుతుంటే, జవాబులు ముందే ఇచ్చారని కదా అంత గొడవ, మనం జవాబే ముందు ఇచ్చేసి ప్రశ్న చెప్పమందాం అని ఆవిడ అంది. "5,280" అంది. "మైలుకి ఎన్ని అడుగులు?" అన్నాడు ఆయన. ఆ ఆట 'జెపర్డీ' పేరుతో 1964లో మొదలైంది, మధ్యలో కొన్నేళ్ళు ఆగినా ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఆలోచన మా ఆవిడ జూలన్‌ది అని గ్రిఫిన్ దాచుకోకుండా చెప్పాడు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే పుట్టింది. నీ ప్రొడ్యూసరుగారు పాత షోల గురించి చెప్పేటప్పుడు కింద పనిచేసినవాళ్ళ పేర్లు ఎత్తుతారో లేదో ఓ చెవి వేసి విను. వయసులో ఉన్న ఆడపిల్లవి, నీ ఆలోచన ఇంకొకరి పేరు మీద తెర మీద పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మన దేశంలో సిద్ధార్థ బసుని చూడు. 1985లో దూరదర్శన్‌లో 'క్విజ్ టైమ్' నడిపాడు. అప్పట్లో మన వీధి మొత్తానికి ఒక్కటే టీవీ, అది కరణంగారింట్లో ఉండేది. మీ నాన్నా నేనూ కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్ళం. తర్వాత 'మాస్టర్‌మైండ్ ఇండియా' చేశాడు. 2000 జులై 3న అమితాబ్ బచ్చన్‌తో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైతే దాని వెనక ప్రొడ్యూసరుగా ఉన్నదీ ఆయనే. కోటి రూపాయల బల్ల దగ్గరికి రావడానికి ముందు పదిహేనేళ్ళు ప్రశ్నలతోనే గడిపాడు. ప్రశ్నకి భయపడ్డం నేర్చుకున్నాకే డబ్బు జోలికి వెళ్ళాడని నేననుకుంటాను.

ప్రశ్నకి భయపడాలని నేను నేర్చుకున్నది ఎలాగో మీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకి సగం తెలుసు. నీకు మొత్తం రాస్తాను.

1998 వేసవి. అప్పటికి ఒక ఛానల్‌లో బడిపిల్లల క్విజ్ చేస్తున్నాం. జిల్లాకో జట్టు, జట్టుకి ఇద్దరు పిల్లలు. ప్రశ్నలు రాయడం నా పని. ఆ వారం పెద్ద ప్రొడ్యూసరు ఊళ్ళో లేక ఫ్లోర్ మీద బాధ్యత కూడా నాకే అప్పగించారు. రోజుకి 4 ఎపిసోడ్లు. రాత్రి తొమ్మిదికి షిఫ్టు అయిపోవాలి. నాలుగో ఎపిసోడ్‌లో మన తూర్పు గోదావరి జట్టు వచ్చింది. ఒక పిల్లాడు కాకినాడ. రెండోవాడు ఓడలరేవు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. చేతులు రెండు మడతలు వేసినా పెద్దదయ్యే చొక్కా. 1996 నవంబరు 6 తుఫాను నీకు గుర్తుండదు, నువ్వింకా నడక నేర్చుకుంటున్నావు. మన తోటలో ఎన్ని చెట్లు పడిపోయాయో మీ నాన్న చెబుతూనే ఉంటాడు కదా. ఆ పిల్లాడింట్లో చెట్లతోపాటు పడవ కూడా పోయిందని వెంట వచ్చిన మాస్టారు చెప్పారు. మొదటి బహుమతి తలా ఐదు వేలు. మేకప్ గదిలో వాడు బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, "భయపడకురా, మాదీ కోనసీమే" అన్నాను. మొహం వెలిగిపోయింది.

ఆఖరి రౌండుకి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. యాంకర్ ప్రశ్న చదివింది: గోదావరి ఎన్ని పాయలుగా సముద్రంలో కలుస్తుంది?

బజర్ నొక్కింది వాడే. "మూడండి" అన్నాడు. "గౌతమి యానాం దగ్గరండి, వశిష్ఠ అంతర్వేది దగ్గరండి, వైనతేయ మా ఓడల..." యాంకర్ మాట పూర్తి కానివ్వలేదు. ఆమె చేతిలో కార్డు మీద 'ఏడు' అని ఉంది. అవతలి జట్టు ఏడు అంది. చప్పట్లు.

ఆ కార్డు రాసింది నేనే బుజ్జీ. సప్త గోదావరి అని మా నాయనమ్మ చెప్పిన పేర్లు తలలో ఉండిపోయాయి. తుల్య, ఆత్రేయ, గౌతమి, వృద్ధ గౌతమి, భారద్వాజ, కౌశిక, వశిష్ఠ. చొల్లంగి నుంచి అంతర్వేది దాకా సప్తసాగర యాత్ర చేసినావిడ ఆవిడ. ఆ ఏడూ తప్పు కాదు, పురాణం లెక్క అది. ఆ పిల్లాడు చెప్పింది నీళ్ళ లెక్క. గరుత్మంతుడి పేరు పెట్టుకున్న వైనతేయం ఋషుల లెక్కలోనే లేదు. వాడు పొద్దున లేచి ముఖం కడుక్కునే పాయ నా జవాబులో లేదు. ప్రశ్నకి ముందు 'పురాణాల ప్రకారం' అని రాసి ఉంటే సరిపోయేది.

వాడు యాంకర్ వైపు చూడలేదు. కెమెరాల వెనకాల చీకట్లో ఉన్న నన్ను వెతుక్కుని చూశాడు. ఈవిడది మన ఊరే కదా, ఈవిడకి తెలుసు కదా అని.

నాకు తెలుసు. పాశర్లపూడి రేవులో పడవెక్కి ఆ వైనతేయం దాటి మేనమామ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళానో. గడియారం చూశాను, తొమ్మిదికి ఏడు నిమిషాలు ఉంది. ఫ్లోర్ మేనేజర్ "మేడం?" అని ఆగాడు. అతనికీ ఏదో తేడాగా ఉందని తెలిసింది. "కానిచ్చెయ్యండి" అన్నాను.

బయటికొచ్చాక మాస్టారు నా దగ్గరికి వచ్చారు. గొడవపడే మనిషి కాదు. "అమ్మా, మా భూగోళం పాఠంలో వాడు చెప్పినట్టే ఉందండి" అన్నారు, అంతే. "నిర్వాహకులదే తుది నిర్ణయం మాస్టారూ, ఫారంలో ఉంది కదా" అన్నాను. ఆ ఫారంలో ఆ వాక్యం రాయించిందీ నేనే. పిల్లాడు స్పాన్సరు ఇచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని, "వెళ్ళొస్తామండి" అని నాకు చెప్పి మరీ వెళ్ళాడు. ఆ టేపు ప్రసారానికి ముందు పదకొండు రోజులు నా బీరువాలో ఉంది. పిల్లల్ని మళ్ళీ పిలిపించొచ్చు. రెండు జట్లకీ బహుమతి ఇప్పించొచ్చు. పెద్దాయన తిరిగొచ్చాక నిజం చెప్పొచ్చు. అదనపు గంట ఎందుకు తీసుకోలేదని ఆయన అడుగుతారేమో, ప్రశ్నల పని నా చేతిలోంచి తీసేస్తారేమో అని నోరు మూసుకున్నాను. ప్రసారమైన నాలుగో రోజున మీ తాతగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. క్షేమసమాచారాలేమీ లేవు. "వైనతేయం ఏమైందమ్మా?" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టారు. ఆ కార్డు నా పెట్టెలో ఇప్పటికీ ఉంది. నువ్వొస్తే చూపిస్తాను.

అందుకని ఈ కింద రాసేవి అక్షరాలా పాటించు.

ప్రశ్న రాసినవాళ్ళు కాకుండా ఇంకో ఇద్దరు విడివిడిగా సరిచూడాలి. ఒకరి జవాబు ఇంకొకరికి కనబడకూడదు. ఊరి గురించి ప్రశ్నైతే ఆ ఊరివాళ్ళకి ఒకరికి చదివి వినిపించు. ప్రతి ప్రశ్నలోనూ దేని ప్రకారం, ఏ సంవత్సరానికి అన్నది కనబడాలి. ధవళేశ్వరం ఆనకట్ట ఎప్పుడు కట్టారు అని అడిగావనుకో, 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు, ఏది చెప్పినా కాదనలేవు. మొదలా, పూర్తా అని అడగాలి. ఫ్లోర్ మీద ఆట ఆపే అధికారం ఉన్న మనిషి ఒకరుండాలి. జీతం నువ్వే ఇచ్చినా నీ మాట వినక్కర్లేని మనిషి అయ్యుండాలి. బడ్జెట్‌లో ప్రతి షిఫ్టుకీ ఒక గంట డబ్బు పక్కన పెట్టు. దానికి సందేహం గంట అని పేరు పెట్టుకో. వాడకపోతే మిగులుతుంది. అది వృథా ఖర్చు అని నీ ప్రొడ్యూసరుగారు కొట్టేస్తే మాత్రం ఆ రోజే నాకు ఫోన్ చెయ్.

జవాబులు ఉన్న కాగితం స్టూడియోలో ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో రాసి పెట్టు. ఆడియన్స్‌లో ఎవరు ఎవరి బంధువో కూడా. బ్రిటన్‌లో 2001లో ఆ కోటీశ్వరుల ఆటలోనే సైన్యంలో పనిచేసే ఒక మేజరు పది లక్షల పౌండ్లు గెలిస్తే, తన వంతు కోసం అక్కడే కూర్చున్న ఇంకో పోటీదారు దగ్గి జవాబు అందించాడని కోర్టు దాకా వెళ్ళింది. అలాంటివి జరుగుతాయి. పోటీదారుని అనుమానించేటప్పుడు మాత్రం పదిసార్లు ఆలోచించు. 1984లో అమెరికాలో మైఖేల్ లార్సన్ అనే ఆయన 'ప్రెస్ యువర్ లక్' ఆట ఇంట్లో టేపుల మీద చూసి చూసి, బోర్డు మీద లైటు ఐదు వరసల్లోనే తిరుగుతోందని కనిపెట్టి, వచ్చి 1,10,237 డాలర్లు గెలుచుకుపోయాడు. అంతా తలలు పట్టుకున్నారు. ఆయన తప్పిన నిబంధన ఒక్కటీ లేదు. అందుకే డబ్బు ఇచ్చేశారు. లోపం బోర్డుది, తయారుచేసినవాళ్ళది. నీ షోలో అలా జరిగినా ఇచ్చెయ్యాలి.

డబ్బు గురించి గట్టిగా చెబుతున్నాను, చిరాకు పడకు. గెలిచిన సొమ్ములో 30 శాతం ఆదాయపు పన్ను, దానిమీద సెస్సు. పది లక్షలు అని తెర మీద వేస్తావు, మూడు లక్షలకి పైగా పన్నుకే పోతుంది. ఆ సంగతి పోటీదారుకి కుర్చీలో కూర్చోకముందే తెలుగులో, నోటితో చెప్పించు. బండో, ఫ్రిజ్జో ఇస్తే దాని పన్ను ముందు కడితేగానీ వస్తువు చేతికి ఇవ్వకూడదు. మా రోజుల్లో ఒకావిడ బండి గెలిచి, పన్ను కట్టే డబ్బు లేక గేటు దగ్గర ఏడుస్తూ నిలబడింది. వస్తువులిస్తే పన్ను స్పాన్సరు చేతే కట్టించు, ముందే ఒప్పందంలో రాయించు.

ఇంకోటి. మన ఎదురింటాయన నీకు తెలుసు కదా, చెరువు లీజుకి తీసుకుని రొయ్యలు వేశాడు. పోయిన ఏడాది ఆయనకి వాట్సాప్‌లో కేబీసీ లాటరీలో 25 లక్షలు తగిలాయని మెసేజ్ వచ్చింది. పక్కన అమితాబ్ ఫోటో కూడా ఉంది. పన్ను కట్టాలి, ఫైలు కదలాలి అంటూ కొంచెం కొంచెంగా చాలానే లాగేశారు. ఆ షోకీ దానికీ ఏ సంబంధమూ లేదు, దొంగలు పేరు వాడుకుంటారంతే. నీ షో నాలుగు వారాలు ఆడితే నీ పేరూ వాడుకుంటారు. "మేము ఎవరి దగ్గరా డబ్బు అడగం" అని మొదటి ఎపిసోడ్ నుంచే తెర కింద వేయించు. ఫోన్ చేసి డబ్బు పోసి ఆడే ఆటలు మాత్రం పెట్టకు. 2008లో బ్రిటన్‌లో ఐటీవీకి 56 లక్షల పౌండ్లకి పైగా జరిమానా పడింది, చూసేవాళ్ళ ఫోన్ పోటీలు సరిగ్గా నడపలేదని. జరిమానా సంగతి తర్వాత. చీకట్లో కూర్చుని పది సార్లు ఫోన్ కలిపే ముసలివాళ్ళు నా కళ్ళ ముందు మెదులుతారు.

ఇప్పుడు అసలు పని చెబుతున్నాను. ఆ ప్రొడ్యూసరుగారి 12 షోల్లో గెలిచినవాళ్ళని ఆయనే నీకు పరిచయం చేస్తారు. వాళ్ళని వదిలెయ్. ఓడిపోయినవాళ్ళని ముగ్గురిని నువ్వే వెతుక్కుని వెళ్ళి అడుగు. దారి ఖర్చులు చేతికొచ్చాయా? జవాబు మీద గొడవ వస్తే ఎవరు విన్నారు? ఇంటికెళ్ళాక ఎవరైనా ఫోన్ చేశారా? మళ్ళీ పిలిస్తే వెళ్తారా? వాళ్ళ ముగ్గురి మొహాలు చూసొచ్చి అప్పుడు సంతకం పెట్టు.

ఉద్యోగం మానేసేముందు నాకొక్క మాట చెప్పలేదని కోపంగానే ఉంది. చెబితే వద్దంటానని చెప్పలేదు, అది నాకు తెలుసు. వద్దనేదాన్నే. అయినా చిన్నప్పుడు కరెంటు పోతే ఈ అరుగు మీద పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి, గరిట మైకులా పట్టుకుని ప్రశ్నలడిగేదానివి. తప్పు చెప్పినవాళ్ళకి కూడా మరమరాలు పెట్టేదానివి. ఎందుకే అంటే, "పాపం ఆడారు కదా అత్తా" అనేదానివి. రాత్రంతా నాకు అదే గుర్తొచ్చింది. వేళకి అన్నం తిను. హోటలు తిండి తగ్గించు. మీ నాన్న కోపం నేను చూసుకుంటాను.

సంక్రాంతికి నాలుగు రోజులు ముందే రా. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూద్దాం. ప్రశ్నలు రాసినన్ని తీసుకురా, ఒక్కొక్కటీ చదివి కొట్టేద్దాం.

ఇంకో పని కూడా ఉంది. కాయలు కొనే షావుకారు మాటల్లో చెప్పాడు. ఆ పిల్లాడు ఎక్కడికీ పోలేదట. ఓడలరేవులోనే బోటు కొనుక్కుని వేటకి వెళ్తున్నాడట, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలట. అమలాపురం నుంచి బస్సెక్కితే ఎంతసేపు? ఇన్నేళ్ళూ నేను వెళ్ళలేదు. నా షోల గురించి నువ్వు అడగాల్సింది కూడా ముందు అతన్నే. నువ్వొచ్చాక ఇద్దరం వెళ్దాం. పొద్దున బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి అక్కడుండాలి. మాట నేను మొదలుపెడతాను. గొంతు పెగలకపోతే నువ్వు పక్కనుండు.

ఆశీస్సులతో,
అత్తయ్య